శాంతి సేనలో జనరల్ పెద్దా, సివిల్ అధికారి పెద్దా?

ముమ్మిడివరం వైపు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్నకి ఈ జవాబు. ఆయన గ్రామ సచివాలయంలో పనిచేస్తారు. అన్నగారు ఇన్‌ఫాంట్రీలో నాయిబ్ సుబేదార్, అంటే జవాన్లకీ ఆఫీసర్లకీ మధ్య ఉండే జేసీవో హోదా. వాళ్ల బెటాలియన్ ఐక్యరాజ్య సమితి శాంతి సేనలో దక్షిణ సూడాన్ వెళ్తోంది, అన్నగారిని అక్కడ సిమిక్ సెల్‌లో, అంటే సైన్యానికీ బయటివాళ్లకీ మధ్య సమన్వయం చూసే విభాగంలో వేస్తున్నారట. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉందని రాశారు. అడిగినవి నాలుగు. అక్కడ జనరల్ పెద్దా, సివిల్ అధికారి పెద్దా? ఢిల్లీ నుంచి ఒక మాట, న్యూయార్క్‌లోని ఐరాస ప్రధాన కార్యాలయం నుంచి ఒక మాట వస్తే జవాను ఏది వినాలి? సిమిక్ అంటే మందులు, దుప్పట్లు పంచడమేనా? జీతం డాలర్లలో ఇస్తారా?

నేను ఆర్మీలో అధికారిగా చేసి రిటైరై పాలకొల్లు దగ్గర ఉంటున్నాను. కాంగోలో బ్రిగేడ్ హెడ్‌క్వార్టర్స్‌లో స్టాఫ్ ఆఫీసర్‌గా చేశాను, తర్వాత దక్షిణ సూడాన్ కూడా చూశాను. నాలుగింటికీ సమానంగా రాయను. మీ అన్నగారికి పనికొచ్చేది మూడోది, దానికే ఎక్కువ చోటిస్తాను.

మొదటిదానికి జవాబు చిన్నది. సివిల్ అధికారే పెద్ద. భద్రతా మండలి తీర్మానం చేసి మిషన్‌కి పని అప్పజెబుతుంది, దాన్నే మాండేట్ అంటారు. ఆ పని చేయించాల్సింది సెక్రటరీ జనరల్. ఆయన తరఫున ఆ దేశంలో కూర్చునే మనిషి ప్రత్యేక ప్రతినిధి, మామూలుగా దౌత్యంలోనో రాజకీయాల్లోనో పండిన సివిలియన్. సైన్యాన్ని చూసే ఫోర్స్ కమాండర్, పోలీసుల్ని చూసే పోలీస్ కమిషనర్, మిగతా సివిల్ విభాగాల అధిపతులు అందరూ ఆ ప్రతినిధికే జవాబు చెప్పుకోవాలి. దక్షిణ సూడాన్‌లో ఫోర్స్ కమాండర్ అంటే లెఫ్టినెంట్ జనరల్ హోదా. 2019లో శైలేశ్ తినైకర్, ఆయన తర్వాత 2022లో మోహన్ సుబ్రమణియన్, ఇద్దరూ మన సైన్యం వాళ్లే ఆ కుర్చీలో కూర్చున్నారు. అంతటి జనరల్ అయినా ప్రత్యేక ప్రతినిధి కిందే. లెబనాన్, గోలన్ లాంటి పాత మిషన్లు దీనికి మినహాయింపు. అక్కడ పనంతా దాదాపు సైనికులదే కాబట్టి ఫోర్స్ కమాండరే మిషన్ అధిపతి కూడా.

సైనికుడి అధికారం ఎక్కడ ఆగిపోతుందో చెప్పమంటే నేను 1967 సంగతి చెప్తాను. సూయెజ్ గొడవ తర్వాత 1956 నుంచి ఈజిప్ట్, ఇజ్రాయెల్ మధ్య ఐరాస అత్యవసర దళం ఉండేది. అప్పటికి దాని కమాండర్ మన మేజర్ జనరల్ ఇందర్‌జిత్ రిఖ్యే. మే 16 రాత్రి ఈజిప్ట్ సైన్యం బ్రిగేడియర్ ఒకాయన గాజాలో ఆయన చేతికి ఉత్తరం ఇచ్చి, సరిహద్దు నుంచి మీ దళాల్ని తీసేయండి అన్నాడు. రిఖ్యే సరే అనలేదు, కాదనీ అనలేదు. ఆ అధికారం తనకి లేదు, సెక్రటరీ జనరల్‌కి పంపుతాను అన్నారు. రెండు మూడు రోజుల్లో అప్పటి సెక్రటరీ జనరల్ ఊ థాంట్ ఉపసంహరణకి ఒప్పుకున్నారు. జూన్ 5న యుద్ధం వచ్చేసింది. అప్పటికి గాజా వదిలి రాని మన జవాన్లు కొందరు అందులో చనిపోయారు. ఊ థాంట్ అంత త్వరగా ఒప్పుకోవాల్సిందా అని ఇప్పటికీ వాదించుకుంటారు. రిఖ్యే చేసిన పని మాత్రం సరైనదే అంటాను నేను. శాంతి సేన ఒక దేశంలో ఉండాలా, వెళ్లాలా అన్నది రాజకీయ నిర్ణయం. యూనిఫాంలో ఉన్నవాడు రాత్రికి రాత్రి తేల్చేస్తే రేపు ఏ దేశమూ శాంతి సేనని లోపలికి రానివ్వదు.

సచివాలయంలో ఉన్నారు కాబట్టి ఈ పద్ధతి మీరు కళ్లారా చూసే ఉంటారు. 2022 జూలైలో ధవళేశ్వరం నుంచి పాతిక లక్షల క్యూసెక్కులు దాటి వదిలినప్పుడు లంకలకి ఎన్‌డీఆర్ఎఫ్ పడవలు వచ్చాయి కదండీ. పడవలో ఎంతమందిని ఎక్కించాలి, చీకటి పడ్డాక ఆ సుడుల్లోకి వెళ్లాలా వద్దా అన్నది వాళ్ల కమాండర్ ఇష్టం. ముందు ఊడిమూడిలంకకా, బూరుగులంకకా, కనకాయలంకకా అన్నది మాత్రం తహసీల్దారో ఆర్డీవోనో చెప్పాలి. ఏ ఇంట్లో నెలలు నిండిన అమ్మాయి ఉందో, ఎవరికి డయాలసిస్ ఉందో ఆ లెక్క మీ దగ్గర ఉంటుంది గాని పడవలో వచ్చినాయన దగ్గర ఉండదు. సైన్యాన్ని పిలిచినా ఇంతే. కలెక్టర్ అడిగితేనే వస్తుంది, ఏం పని కావాలో కలెక్టరే చెప్తాడు, జవానుకి ఆర్డర్ మాత్రం వాడి అధికారే ఇస్తాడు. శాంతి సేన మూలం కూడా అదే.

తేడా ఎక్కడొస్తుందంటే, మన దగ్గర కలెక్టరూ, పడవ నడిపే కుర్రాడూ, చూరు పట్టుకుని కూర్చున్న ముసలాయనా అందరూ ఒకే ప్రభుత్వం కిందివాళ్లు. వరద తగ్గాక పంటనష్టం రాయలేదని తిట్టుకున్నా సరే, పడవని వెనక్కి పొమ్మనే హక్కు ఎవరికీ ఉండదు. అక్కడ ఆ హక్కు ఉంది. మిషన్ ఆ దేశ ప్రభుత్వం ఒప్పుకుంటేనే ఉంటుంది. దక్షిణ సూడాన్‌లో ఐరాస హెలికాప్టర్ లేవాలంటే ఆ దేశ సైన్యం నుంచి ఫ్లైట్ సేఫ్టీ హామీ రావాలి. ఒక్కోసారి రాదు, ఎందుకు రాలేదో కూడా చెప్పరు. రోడ్డు మీద పెట్రోలింగ్‌కి వెళ్తే చెక్‌పోస్టులో ఒక కుర్రవాడు తుపాకీ అడ్డం పెట్టి కాగితం చూపించమంటాడు. పైస్థాయిలో రాసుకున్న ఒప్పందం ప్రకారం మనకి ఎక్కడికైనా తిరిగే స్వేచ్ఛ ఉంది. ఆ కుర్రవాడికి ఆ ఒప్పందం సంగతి ఎవరూ చెప్పి ఉండరు.

ఇక ఢిల్లీ, న్యూయార్క్ సంగతి.

ఏ దేశమూ తన సైన్యాన్ని ఐరాసకి పూర్తిగా రాసిచ్చేయదు. ఇచ్చేది ఆపరేషనల్ కంట్రోల్. అంటే ఒప్పుకున్న ప్రాంతంలో, మాండేట్ పరిధిలో, ఫలానా పని చేయండి అని ఫోర్స్ కమాండర్ ఆదేశించవచ్చు. జీతం, ప్రమోషన్, సెలవు, శిక్ష ఇవన్నీ సొంత దేశం చేతిలోనే ఉంటాయి. వేరే దేశపు జవాను తప్పు చేస్తే ఫోర్స్ కమాండర్ విచారణ చేయమనగలడు, వెనక్కి పంపించేయమని సిఫార్సు చేయగలడు, అంతకుమించి చేయి వేయలేడు. ఒప్పందంలో లేని ప్రాంతానికి బెటాలియన్‌ని మార్చాలన్నా ఆ దేశాన్ని అడగాలి. కాగితం మీద ఇది చక్కగానే ఉంటుంది. చిక్కంతా ఫోన్ దగ్గరే. కష్టమైన ఆర్డర్ రాగానే కొన్ని దేశాల కమాండర్లు ముందు తమ రాజధానికి ఫోన్ చేస్తారు. అక్కడి నుంచి వద్దని వస్తే, ఇక్కడ వాహనం చెడిపోతుంది, రోడ్డు బురదగా ఉంటుంది, డాక్టర్ అందుబాటులో ఉండడు. కుదరదు అని మాత్రం ఎవరూ అనరు.

ఆ ఫోన్ ఎంత పని చేయగలదో 1994లో రువాండాలో తెలిసింది. కెనడా జనరల్ రోమియో డలేర్ అక్కడి ఫోర్స్ కమాండర్. ఆయుధాలు దాచిన చోట్లు తెలిశాయి, సోదా చేస్తాను అని జనవరిలోనే న్యూయార్క్‌కి రాస్తే వద్దన్నారు. ఏప్రిల్‌లో మారణకాండ మొదలైంది. మొదటి రోజే పదిమంది బెల్జియం సైనికుల్ని చంపారు. బెల్జియం తన బెటాలియన్ మొత్తాన్ని వెనక్కి తీసుకుపోయింది. ఆయన దగ్గరున్న వాటిలో అదే గట్టి బెటాలియన్. అదే నెలలో భద్రతా మండలి మిగిలిన దళాన్ని 270 మందికి కుదించమంది. అక్కడ అడ్డుపడ్డది సివిల్ పెత్తనమా, సొంత దేశమా అంటే రెండూనూ. ఒకటి ముందు చేతులు కట్టేసింది, రెండోది తర్వాత చేతులే తీసుకుపోయింది.

మీ అన్నగారు వెళ్లే దేశంలోనే 2016లో రెండు జరిగాయి. అవి దాచి మంచి మాటలు చెప్తే ఆయనకి మేలు చేసినట్టు కాదు. ఫిబ్రవరిలో మలకాల్‌లో ఐరాస శిబిరంలో తలదాచుకున్న జనం మీద దాడి జరిగింది, ముప్పై మంది దాకా చనిపోయారు. శిబిరానికి కాపలా ఉన్న దళాల్లో మనవాళ్లూ ఉన్నారు. జూలైలో రాజధాని జూబాలో ప్రభుత్వ సైన్యానికీ ప్రతిపక్ష బలగాలకీ పోరాటం జరిగితే, సహాయ సంస్థల వాళ్లున్న హోటల్ మీద సైనికులు పడ్డారు. దగ్గర్లోనే ఉన్న శాంతి సేన వెళ్లలేదు. రెండింటి మీదా విచారణలు జరిగాయి, రెండింటిలోనూ తేలింది దాదాపు ఒకటే. ఎవరు ఎవరికి ఆర్డర్ ఇవ్వాలో గందరగోళం. జూబాలో చైనా, ఇథియోపియా, నేపాల్, భారత్ దళాలకి ఒకదానికొకటి పొంతన లేని ఆదేశాలు వెళ్లాయి. ఆ ప్రాంత దళాలన్నింటినీ చూసే సెక్టార్ కమాండర్ ఉండగా పైనుంచి ఇంకొకరిని ఆ ఘటనకి కమాండర్‌గా పెట్టారు. చివరికి కెన్యాకి చెందిన ఫోర్స్ కమాండర్‌ని తప్పించారు. కోపంతో కెన్యా తన సైనికుల్నే వెనక్కి పిలిపించుకుంది. చూశారా, అక్కడ కూడా సొంత దేశమే.

దీనికి ఎదురు ఉదాహరణ మనదే ఒకటి ఉంది, సియెర్రా లియోన్. 2000 మేలో తిరుగుబాటుదారులు వందల మంది శాంతి సైనికుల్ని పట్టుకున్నారు. కైలాహున్‌లో 222 మంది మనవాళ్లు రెండు నెలలకి పైగా ముట్టడిలో ఉన్నారు. ఫోర్స్ కమాండర్ మేజర్ జనరల్ విజయ్ జెట్లీ. మాటలతో పని జరగక జూలైలో ఆపరేషన్ ఖుక్రీ చేశారు. బ్రిటిష్ హెలికాప్టర్లు తోడొచ్చాయి, మన గూర్ఖాలు ముట్టడి ఛేదించుకుని బయటికొచ్చారు. ఇంతవరకు అందరూ చెప్పుకుంటారు. తర్వాతది తక్కువమంది చెప్తారు. మిషన్‌లోని కొందరు నైజీరియా పెద్దల మీద జెట్లీ రాసిన నోట్ బయటికి పొక్కింది, గొడవైంది. ఆ ఏడాదే భారత్ తన దళాన్ని ఉపసంహరించుకుంటానని ప్రకటించింది. యుద్ధం గెలిచిన జనరల్ కూడా మిషన్‌లో రాజకీయాన్ని ఆర్డర్‌తో గెలవలేడన్నమాట.

మీ అన్నగారి వరకు వస్తే సూటిగా చెప్తాను. ఆయనకి ఆర్డర్ ఎప్పుడూ తన కంపెనీ కమాండర్, తన సీవో (బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్) ద్వారానే వస్తుంది. రెండు రాజధానుల తగాదా సీవో తలనొప్పి, నాయిబ్ సుబేదార్‌ది కాదు. కానీ ఒక్క విషయం బయల్దేరే ముందే బాగా చదువుకోవాలి. ఎదురుగా పౌరుల ప్రాణాలకి ముప్పుంటే బలం వాడే అధికారం మాండేట్‌లోనే, బలం ఎప్పుడు, ఎంత వాడొచ్చో చెప్పే రూల్స్ ఆఫ్ ఎంగేజ్‌మెంట్‌లోనే రాసి ఉంటుంది. ఆ క్షణంలో రాతపూర్వక అనుమతి కోసం ఎదురుచూస్తూ కూర్చోవాల్సిన పనిలేదు. రూల్స్ చిన్న కార్డు మీద ఇస్తారు. అది జేబులో ఉంటే చాలదు, సెక్షన్‌లో ఆఖరి కుర్రాడి దాకా హిందీలో వివరించి ఉండాలి.

నా దృష్టిలో మిషన్లలో అసలు లోపం జనరల్ మీద సివిలియన్ ఉండటం కాదు. అది ఉండాల్సిందే. లోపం తాళాల దగ్గరుంది. హెలికాప్టర్లు, డీజిల్, రేషన్, నీళ్లు, గుడారాలు, బ్రిడ్జి సామాను అన్నీ మిషన్ సపోర్ట్ అనే సివిల్ విభాగం చేతిలో ఉంటాయి. సైనిక హెలికాప్టర్‌ని కూడా సివిల్ ఏవియేషన్ విభాగం ఇచ్చే టాస్క్ కాగితం లేకుండా లేపడం కష్టం. వాళ్లనీ పూర్తిగా తప్పుపట్టలేం. సభ్యదేశాల డబ్బుకి ప్రతి ఫ్లయింగ్ గంటా లెక్క చెప్పాలి, ప్రమాదం జరిగితే వాళ్ల మెడకే చుట్టుకుంటుంది. కానీ వాళ్ల పద్ధతులు ఆఫీసు వేళలకి తగ్గట్టు రాసుకున్నవి, ఊరి మీద దాడి అర్ధరాత్రి జరుగుతుంది. ఏవియేషన్‌లో పనిచేసేవాడితో ముందే టీ తాగి పరిచయం పెంచుకున్న ఆఫీసర్‌కి హెలికాప్టర్ గంటలో దొరికేది, రూలు చూపించి అరిచినవాడికి మర్నాడు దొరికేది. ఇది బాగుందని నేననను. ఇలాగే ఉంటుంది అంటున్నాను.

ఇప్పుడు సిమిక్. హెడ్‌క్వార్టర్స్‌లో దీన్ని యూ-9 శాఖ అంటారు, బెటాలియన్‌లో ఎస్-9. సైన్యానికీ, సైన్యం కాని అందరికీ మధ్య సంధానం చూసే పని. మందులు, దుప్పట్లు పంచడం ఇందులో ఒక మూల మాత్రమే, అది కూడా జాగ్రత్తగా చేయాల్సిన మూల.

ముందు మీ అన్నగారు గుర్తుపట్టాల్సింది, యూనిఫాం లేనివాళ్లంతా ఒక జాతి కాదు. మిషన్‌లోని సివిల్ అధికారులు ఒక రకం. సివిల్ అఫైర్స్, మానవ హక్కులు, పిల్లల రక్షణ విభాగాల వాళ్లు, మన మిషన్ మనుషులే. మలకాల్, బోర్ లాంటి చోట ఫీల్డ్ ఆఫీస్ అధిపతి అని ఒకరుంటారు, ఆ రాష్ట్రంలో ప్రత్యేక ప్రతినిధికి బదులుగా ఉండే మనిషి. సెక్టార్ కమాండర్ ఆర్డర్లు తీసుకునేది ఫోర్స్ కమాండర్ దగ్గర, కలిసి పనిచేయాల్సింది ఈ ఫీల్డ్ ఆఫీస్ అధిపతితో. ఇద్దరికీ పడితే సెక్టార్ బ్రహ్మాండంగా నడుస్తుంది. పడకపోతే ప్రతి పెట్రోలింగూ ఒక ఉత్తరాల యుద్ధం.

రెండో రకం సహాయ సంస్థల వాళ్లు. ప్రపంచ ఆహార కార్యక్రమం, యూనిసెఫ్ లాంటి ఐరాస సంస్థలున్నాయి, రెడ్‌క్రాస్, సరిహద్దులు లేని డాక్టర్ల సంస్థ లాంటి అసలు ఐరాసలో లేనివీ ఉన్నాయి. మన సైనికులకి మింగుడుపడనిది వీళ్లతోనే. మేం కాపలా ఇస్తామంటే వద్దంటారు. మా క్యాంపుకి భోజనానికి రమ్మంటే రారు. వాళ్ల ఆసుపత్రి గేటు మీద తుపాకీ బొమ్మకి అడ్డగీత కొట్టి ఉంటుంది, ఆయుధంతో లోపలికి రానివ్వరు. మొదట్లో మనవాడికి కోపం వస్తుంది, మీ ప్రాణాలు కాపాడటానికి ఇంతదూరం వస్తే ఈ పొగరేంటి అని. వాళ్ల లెక్క వేరు. వాళ్లకి తుపాకీ లేదు. ఇరుపక్షాల వాళ్లూ, వీళ్లు ఎవరి మనుషులూ కాదు అని నమ్మడమే వాళ్ల కవచం. శాంతి సేన ఆ దేశంలో ఒక పక్షంతో కాల్పుల్లో ఉన్నప్పుడు, శాంతి సేన జీపు ఆసుపత్రి ముందు ఆగి ఉంటే ఆ కవచం చిరిగిపోతుంది. 2013లో కాంగోలో భద్రతా మండలి ఏకంగా దాడులు చేసే బ్రిగేడ్‌నే పెట్టింది. టాంజానియా, దక్షిణాఫ్రికా, మలావి సైనికులతో ఏర్పడిన ఆ దళం ఎం23 తిరుగుబాటుదారులతో నేరుగా పోరాడింది. అప్పుడు సహాయ సంస్థలు మా నుంచి ఇంకా దూరం జరిగాయి. వాళ్లు చేసింది సబబే.

వాళ్లు పాటించే మార్గదర్శకాలున్నాయి, 1994లో ఓస్లోలో మొదలైనవి. యుద్ధం నడిచే చోట్లకి వేరేవి 2003లో రాశారు. వాటి సారం ఏమిటంటే సైనిక సామగ్రి, సైనిక ఎస్కార్ట్ అన్నవి ఇంకే దారీ లేనప్పుడు చివరి మార్గంగానే అడగాలి. అందుకని వాళ్లతో సమావేశం మన క్యాంపులో పెట్టకండి. మానవతా వ్యవహారాల సమన్వయ కార్యాలయం అని ఒకటుంటుంది, దాన్ని ఓచా అంటారు. అక్కడ ఇలాంటి పనికే ఒక అధికారి ఉంటారు, ఆ కుర్చీ ద్వారా వెళ్లండి. ఇంకో సంగతి, ప్రత్యేక ప్రతినిధికి ఉండే ఇద్దరు డిప్యూటీల్లో ఒకరు ఆ దేశంలో మానవతా సహాయ సమన్వయకర్త కూడా. అంటే ఆ ఒక్క మనిషి మిషన్‌లో సగం, బయట సగం. పెద్ద చిక్కులు చివరికి ఆ టేబుల్ మీదే తేలతాయి.

మూడో రకం అక్కడి జనం, వాళ్ల పెద్దలు, అక్కడి ప్రభుత్వ ఉద్యోగులు. సిమిక్ పని ఎక్కువ వీళ్లతోనే, కష్టం కూడా ఇక్కడే. భాష రాదు. మలకాల్ చుట్టుపక్కల షిల్లుక్, న్యువేర్, డింకా మాట్లాడతారు, అందరికీ మధ్య జూబా అరబిక్. మన కుర్రాళ్లకి హిందీ, కాస్త ఇంగ్లీషు. 2008 నవంబర్‌లో తూర్పు కాంగోలో కివాంజా అనే ఊళ్లో నూట యాభై మంది దాకా జనాన్ని చంపేశారు. శాంతి సేన బేస్ కిలోమీటరు దూరంలో ఉంది. బలం చాలలేదన్నది నిజం. దాంతోపాటు, పక్కన ఏం జరుగుతోందో చెప్పేవాళ్లు లేరు, చెప్పినా అర్థం చేసుకునేవాళ్లు లేరు. దాని తర్వాతే 2009లో సంయుక్త రక్షణ బృందాలు మొదలయ్యాయి. మానవ హక్కుల వాళ్లు, సివిల్ అఫైర్స్ వాళ్లు, పిల్లల రక్షణ వాళ్లు సైనికులతో కలిసి ఊళ్లకి వెళ్లి రోజుల తరబడి ఉండి వినేవాళ్లు. ఆ పైన స్థానికుల్నే కమ్యూనిటీ లయజాన్ అసిస్టెంట్లుగా పెట్టుకుని ఒక్కో బేస్‌కి పంపారు. స్వాహిలీ, కిన్యర్వాండా, ఫ్రెంచ్ మాట్లాడే ఆ కుర్రాళ్లూ, అమ్మాయిలూ ఊరి పెద్దల ఫోన్ నంబర్లు రాసుకుని, మన నంబర్ వాళ్లకిచ్చి, రాత్రి ఏ అడవి దారిలో అలికిడి ఉన్నా మాకు చేరవేసేవారు. మా ఆయుధాలన్నింటికంటే ఆ ఫోన్లే ఎక్కువమందిని కాపాడాయని నా నమ్మకం.

దానికి ప్రమాదం కూడా ఉంది. ఫలానా దుకాణం ఆయన శాంతి సేనకి ఫోన్ చేస్తాడని తెలిస్తే, మనం వెళ్లిపోయాక ఆయన ప్రాణాలకి హామీ ఎవరు? అందుకని పెట్రోలింగ్ వెళ్లినప్పుడల్లా జీపు తీసుకెళ్లి ఒకే ఇంటి ముందు ఆపకూడదు. ఒకరితోనే నిలబడి నవ్వుతూ మాట్లాడకూడదు. అరుగు మీద పదిమందితో కూర్చోవాలి, ఆడవాళ్ల మాట వినడానికి మహిళా సైనికులుంటే వాళ్లని తీసుకెళ్లాలి. నీళ్లకి, కట్టెలకి పోయేది ఆడవాళ్లే కాబట్టి ఏ దారి ప్రమాదమో ముందు తెలిసేది వాళ్లకే. మగ పెద్దలు చెప్పే మాట ఒకటి, వాళ్లు చెప్పేది ఇంకొకటి ఉంటుంది.

ఇప్పుడు పంచడం సంగతి. మిషన్‌లో క్విక్ ఇంపాక్ట్ ప్రాజెక్టులని ఉంటాయి, ఒక్కోటి 50,000 డాలర్ల లోపు. బోరు, బడి గది, మార్కెట్ షెడ్డు లాంటివి. డబ్బు, ఎంపిక సివిల్ విభాగం చూస్తుంది, ప్రతిపాదన బెటాలియన్ నుంచి కూడా వెళ్లొచ్చు. సొంతంగా మనవాళ్లు మెడికల్ క్యాంపులు పెడతారు. మన పశువైద్యులకైతే దక్షిణ సూడాన్‌లో చాలా మంచి పేరు. అక్కడ పశువే ఆస్తి, పశువే ఓలి, పశువే పరువు. మలకాల్‌లోనూ బోర్‌లోనూ మన వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తోలుకొచ్చే మందల్ని చూస్తే మన సంత గుర్తొస్తుంది.

కానీ ముందు ఎవరి మందకి టీకా వేశారన్నది అక్కడ చిన్న విషయం కాదు. రెండు తెగల మధ్య పశువుల కోసం దాడులు జరుగుతున్న చోట, ఒకరి మందకే వైద్యం చేస్తే మనం వాళ్ల పక్షమైపోయినట్టే. పెద్దలిద్దరితోనూ మాట్లాడి, రెండు చోట్లా తేదీలు ఒకేసారి ప్రకటించాలి. మెడికల్ క్యాంపు పెట్టేముందు పక్కనే ఏదైనా సంస్థ క్లినిక్ నడుపుతోందేమో ఓచాని అడగాలి. ఒకరోజు మాత్రలు పంచేసి ఫొటో తీసుకుని వచ్చేస్తే, ఏడాది పొడవునా అక్కడ కూర్చున్న నర్సు మాట మర్నాటి నుంచి ఎవరూ వినరు. కదిలే బండి మీద నుంచి పిల్లలకి బిస్కెట్లు, చాక్లెట్లు విసరడం అసలు వద్దు. చక్రాల కింద పడతారు. మందులకి బదులు, తిండికి బదులు ఏదైనా ఆశించడం, అక్కడి ఆడవాళ్లతో సంబంధాలు, వీటి గురించి కఠినమైన ఐరాస నియమం 2003 నుంచి లిఖితంగా ఉంది. ఒక్కడి తప్పుతో బెటాలియన్ మొత్తం తలవంచుకుని వెనక్కి రావాల్సిన పరిస్థితి వస్తుంది. ఇలాంటివి ఇంటికి రాసే ఉత్తరంలో బాగుండవు గాని, జేసీవోగా కుర్రాళ్లకి ఆయనే చెప్పాలి.

మన బెటాలియన్ ఏడాదికో, కాస్త అటూ ఇటుగానో మారిపోతుంది. సివిల్ అఫైర్స్‌లో ఉన్నావిడ అక్కడే నాలుగైదేళ్లుగా ఉండొచ్చు. స్థానిక అసిస్టెంట్ పుట్టిందే అక్కడ. కాబట్టి వెళ్లగానే మొదటి వారాల్లో చెప్పడం తగ్గించి అడగడం పెంచమనండి. ఏ ఊరి పెద్ద ఎవరు, గత బెటాలియన్ ఏం మాటిచ్చి చేయకుండా వచ్చేసింది, ఏ బోరు ఎవరి గొడవ వల్ల ఆగిపోయింది, ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసి, వచ్చేటప్పుడు తర్వాతి బెటాలియన్ జేసీవో చేతిలో పెట్టమనండి. కంప్యూటర్‌లో హ్యాండోవర్ ఫైలు ఉంటుంది, అది ఇన్‌స్పెక్షన్ కోసం. ఇవ్వలేని మాట ఇవ్వొద్దని కూడా చెప్పండి. చూస్తాం అని మనం మర్యాదకి అన్నా, అక్కడ అనువాదం అయ్యేసరికి ఇస్తాం అయిపోతుంది.

డబ్బు గురించి కూడా చెప్పేస్తాను. ఐరాస ఒక్కో సైనికుడికి నెలకి 1,400 డాలర్లకి పైగా లెక్కగట్టి ఇస్తుంది, కానీ అది దేశ ప్రభుత్వానికి ఇచ్చేది, జవాను చేతికి కాదు. వాహనాలు, ఆయుధాలు, ఆసుపత్రి సామాను మన దేశం తీసుకెళ్తే వాటికి అద్దె లెక్క వేరే ఉంటుంది. అవి పనిచేస్తున్నాయో లేదో ఐరాస వాళ్లు వచ్చి తనిఖీ చేస్తారు, పనిచేయకపోతే అద్దె కోస్తారు. మీ అన్నగారికి అందేది మామూలు జీతం, దాని మీద విదేశీ డ్యూటీకి మన ప్రభుత్వం నిర్ణయించిన అలవెన్స్. ఇక్కడి జీతం కంటే బాగానే ఉంటుంది. ఊళ్లో చెప్పుకునే లక్షల లెక్కలు నమ్మి చెరువు లీజుకి ఇప్పుడే అడ్వాన్స్ ఇచ్చేయకండి.

ఎల్లో ఫీవర్ టీకా, దాని కార్డు యూనిట్ వాళ్లే చూసుకుంటారు. మలేరియా మాత్ర మాత్రం ఇచ్చినన్నాళ్లూ మానకుండా వేసుకోమనండి. దోమలు మనకి కొత్తా అనుకుని కోనసీమ కుర్రాళ్లే ముందు మానేస్తారు. ఆవకాయ సీసా బ్యాగులో పెట్టాలనుకుంటే మూత మీద టేపు గట్టిగా చుట్టండి, మీద పాలిథిన్ కవరు కూడా వేయండి.